చెరకు వచ్చిన దారి, మనుషులు పోయిన దారి



ఈవేళ ఎరువుల మాట కాదు, చరిత్ర మాట చెబుతాను. రాజుల చరిత్ర కాదండి. చోడవరం పొలాల్లో పెరిగే చెరకుదీ, ఈ పొలాలు విడిచి కూలికి పోయిన మనుషులదీ.

1900 ప్రాంతాన గోదావరి డెల్టాలో ఎర్రకుళ్ళు తెగులు చెరకు తోటలను పాడుచేసింది. 1902లో ప్రభుత్వం వారు సామర్లకోటలో ఒక క్షేత్రం పెట్టి, బార్బరు అనే వృక్షశాస్త్రజ్ఞుని ఆధ్వర్యంలో తెగులుకు తట్టుకొనే రకాలు వెదికించారు. నిలబడిన వాటిలో ముఖ్యమైనది ఎర్ర మారిషస్. పేరు చూశారా? ఆ దీవికి 1830ల నుంచీ మన గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాలవారు ఓడలెక్కి వెళ్ళి చెరకే నరుకుతున్నారు. మనుషులు అటు పోతే చెరకు ఇటు వచ్చింది!

తరువాత కోయంబత్తూరులో లావు చెరకును రెల్లుతో సంకరం చేశారు. మన గెడ్డల గట్లమీద మొలిచే రెల్లు జాతే, మరేమీ కాదు. అలా పుట్టిన కో. 205 రకం 1918లో రైతులకు అందింది. 1913లో పెట్టిన అనకాపల్లి పరిశోధన కేంద్రం మన నేలకు తగిన రకాలు ఇస్తూ వచ్చింది. అంటే, మనం "మన చెరకు" అనుకొనేది పలు దేశాల కలయిక.

మనుషుల కలయిక ఇంత సులువు కాదు. మారిషస్‌లో ఒకే సాలులో తెలుగువాడు, తమిళుడు, భోజ్‌పురీ మాట్లాడే బీహారీ కత్తి పట్టేవారు. 1880 తరువాత తోటల దొరలు భూములు ముక్కలుగా అమ్మజూపగా, కూలీలు కూడబెట్టిన డబ్బుతో కొని రైతులైనారు. భార్యాబిడ్డలతో స్థిరపడినారు. తెలుగు మాట క్రమంగా సన్నగిల్లి క్రియోల్ నాలుక మీదికి వచ్చింది, నిజమే. అయినా ఉగాది నేటికీ అక్కడ ప్రభుత్వ సెలవు దినం. సింహాద్రి అప్పన్న పూజా, అమ్మోరు పండుగా నిలిచి ఉన్నాయి.

ఇక రంగం. రంగూనును మనవాళ్ళు రంగం అనేవారు. కోతలు కాగానే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు పుచ్చుకొని, విశాఖపట్నంలోనో కాకినాడలోనో స్టీమరెక్కి, బియ్యం మిల్లుల సీజనుకు పోయేవారు. ఎక్కువమంది ఒంటరి మగవాళ్ళు. ఒకే గదిలో పదిమంది పడుకొని, డబ్బు ఇంటికి పంపి, తిరిగి వచ్చేవారు. 1931 జనగణన నాటికి రంగూను జనంలో సగానికి పైగా భారతీయులే. ఒకే ఊళ్ళో ఉన్నారుగాని, కలిసి ఉన్నారని చెప్పలేము. 1930 మే నెలలో రేవులో మన తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మావారిని పనిలో పెట్టుకున్నాయి. సమ్మె తీరగానే వారిని పొమ్మన్నాయి. దానిమీద కొట్లాట రేగి, ఎందరో తెలుగు కూలీలు చనిపోయారు. తప్పు భాషది కాదు, ఆచారానిది కాదు. ఒక్క పనికి ఇద్దరిని పోటీ పెట్టి, ఇద్దరికీ నిలకడ లేకుండా చేసిన ఏర్పాటుది. 1941 డిసెంబరులో బాంబులు పడ్డాక లక్షలమంది అడవులవెంట కాలినడకన బయలుదేరారు. దారిలో వేలమంది రాలిపోయారు. మిగిలినవారిలో చాలామంది 1962 తరువాత వచ్చేశారు.

ఖరగ్‌పూర్ సంగతి వేరు. రైల్వే వర్క్‌షాపు పనికి మనవైపు నుంచి కుటుంబాలు తరలివెళ్ళాయి. క్వార్టరు ఉంది, నెలజీతం ఉంది. ఇంట్లో తెలుగు, బజారులో బెంగాలీ, హిందీ. పక్కింటివారితో పోట్లాడినా, రేపు మళ్ళీ ముఖం చూడాలి గదా!

పోయినవాళ్ళ మాటే కాక వచ్చినవాళ్ళ మాటా ఉంది. 1933లో విశాఖ రేవు తెరిచారు, 1941లో ఓడల కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది, ఆపైన ఉక్కు కర్మాగారం వచ్చింది. బెంగాలీలు, ఒడియావారు, మలయాళీలు వచ్చి చేరారు. చోడవరం నుంచి పనికి పోయిన కుర్రవాడు మధ్యాహ్నం వాళ్ళతో కూర్చొని అన్నం తింటాడు. 2022లో చోడవరం విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి మారినా, ఆ రాకపోకలు మారలేదు.

విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి. ఊరికి వెళ్ళినప్పుడు ఎకరాలు, రకాలు రాసుకుంటారు గదా. రంగం నుంచి వచ్చిన ఇల్లు ఏదైనా ఉందేమో కూడా అడగండి. అక్కడ ఏ పని చేశారు, ఎవరి పక్కన ఉన్నారు, ఏ దారిన నడిచి వచ్చారు అని రాసుకోండి. 1942లో పదేళ్ళ పిల్లవానికి ఇప్పుడు తొంభై దాటి ఉంటాయి.