తొలికాన్పునకు మలికాన్పునకు నడుమ

కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల సీమను అచ్చటివారు నడిగడ్డ అని పిలుతురు. కృష్ణకు ఉత్తరమున వనపర్తి, దానికి తూర్పున నల్లమల అడవులవరకు నాగర్‌కర్నూలు. గద్వాల, వనపర్తి నిజాము రాజ్యములోని సంస్థానములు. ఈ మూడును చిరకాలము మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలకు కేంద్రములయినవి. ఈ సీమ చరిత్ర యనగానే కోటలు, పండితసభలు, జరీ అంచు చీరలు జ్ఞప్తికి వచ్చును. మేము మాత్రము చరిత్రకారులు అరుదుగా పలుకరించు ఒక విషయమును ఇచ్చట ముచ్చటింపదలచితిమి. పదునెనిమిది, పందొమ్మిదేండ్లకే తల్లియైన పిల్లకు మలికాన్పును కొంతకాలము ఆపుకొను మార్గము ఏ కాలమున ఏది ఉండెను?

పూర్వము ఈ ప్రశ్నకు ఆచారమే కొంత సమాధానము చెప్పెడిది. తొలికాన్పు పుట్టింట జరుగును; మంత్రసాని పురుడు పోయును; బాలింతరాలు మూడవ నెలనో, అయిదవ నెలనో బిడ్డనెత్తుకొని అత్తవారింటికి మరలును. ఆ యెడబాటు, బిడ్డకిచ్చు చనుబాలు కలిసి కొన్ని నెలల రక్షణ కల్పించెడివి. చనుబాల మాట వట్టి నమ్మకము కాదు. 1988లో ఇటలీలోని బెల్లాజియోలో సమావేశమయిన శాస్త్రజ్ఞులు దానికి మూడు నియమములు చెప్పిరి. బిడ్డకు ఆరునెలలు నిండి ఉండరాదు. రాత్రింబవళ్లు తల్లిపాలే ఆహారముగా ఉండవలెను. తల్లికి తిరిగి ముట్టు వచ్చి ఉండరాదు. ఈ మూడును ఉన్నంతవరకు నూటికి 98 మందికి గర్భము రాదు. ఒక్కటి తప్పినను ఆ రక్షణను నమ్మరాదు. పాలివ్వని తల్లికి ముట్టు కనబడకముందే, నెల దాటిన కొలదిదినములకే గర్భము నిలువవచ్చును.

ఆచారము కాలము మారగా సడలినది. చట్టము దాని స్థానమును మెల్లగా ఆక్రమించెను. శారదా చట్టమని ప్రసిద్ధిచెందిన 1929నాటి శాసనము బాలికకు 14 ఏండ్లు నిండనిదే వివాహము కూడదనినది. అయితే అది బ్రిటిష్ ఇండియాకు చేసిన చట్టము, మన సంస్థానములు నిజాము ఏలుబడిలోనివి. 1949లో ఆ వయస్సు 15 ఏండ్లకు, 1978లో 18 ఏండ్లకు పెరిగినది. అయినను 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో తెలంగాణలోని 20 మొదలు 24 ఏండ్ల స్త్రీలలో నూటికి 23 మందికి పైగా 18 నిండకముందే పెండ్లియైనవారని తేలినది. పెండ్లి ముందు, చదువు తరువాత; ఏడాది తిరుగకముందే తొలిచూలు.

ఇక ప్రభుత్వము చూపిన మార్గములను పరిశీలింతము. ప్రపంచ దేశములలో మొట్టమొదట కుటుంబనియంత్రణమును జాతీయ కార్యక్రమముగా చేపట్టినది 1952లో మన దేశమే. 1965లో లూప్ వచ్చినది. అది కాన్పుల నడుమ యెడము కోరువారికి తగిన సాధనమే. కాని అమర్చిన పిమ్మట రక్తస్రావమైనవారిని చూచు దిక్కు చాలకపోయెను, వదంతులు ప్రబలెను, లూప్ పేరు చెడినది. 1968లో నిరోధ్ అంగళ్లకెక్కినది. 1976-77లో, అత్యవసర పరిస్థితి కాలమున, దేశమంతట సుమారు 82 లక్షల ఆపరేషన్లు జరిగినవి. వానిలో అధికభాగము పురుషులకు చేసినవే. ఆ నిర్బంధమునకు ప్రజలు ఆగ్రహింపగా పురుషుల ఆపరేషన్ దాదాపు అంతరించెను. భారమంతయు స్త్రీపై పడెను. ఆ తరువాత మన పల్లెలలో కుటుంబనియంత్రణ మనగా ఒక్కటే అర్థము: ఇద్దరు బిడ్డలు కాగానే తల్లికి ఆపరేషన్. పై సర్వే ప్రకారము తెలంగాణలో 15 మొదలు 49 ఏండ్ల వివాహితలలో నూటికి 60 మందికి పైగా ఈ మార్గమునే అనుసరించిరి.

మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మిచ్చటనే ఉన్నది. ప్రభుత్వ ప్రమాణముల ప్రకారము 22 ఏండ్లు నిండని స్త్రీకి ఆపరేషన్ చేయరాదు. ఇది మంచి నియమమే. తెలిసీ తెలియని వయస్సులో మరలిరాని నిర్ణయము కూడదు. కాని పందొమ్మిదవ యేట తల్లియైన పిల్లకు 22 నిండుటకు ఇంకను మూడేండ్లున్నవి. ఇల్లు ఎరిగిన మార్గ మొక్కటే. అది ఆమెకు మూసియున్నది. కావున ఆమె ఏమియు చేయదు. బిడ్డ నడక నేర్వకముందే మరల నెల తప్పును. కాన్పు తరువాత కనీసము 24 నెలలైనను గడచిన పిదపనే మరల గర్భము మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఎదుగుదల ముగియని, రక్తము చాలని దేహమునకు ఆ వ్యవధి మరింత అవసరము.

మూయని తలుపులు లేకపోలేదు. కాన్పైన 48 గంటలలోపల, లేదా ఆరువారములు గడచిన పిమ్మట, కాపర్ టీ అమర్చవచ్చును. కోరినప్పుడు తీయించుకొనిన గర్భధారణ శక్తి వెంటనే తిరిగివచ్చును. 2017 నుండి ప్రభుత్వ కార్యక్రమములో అంతర అను సూది, ఛాయ అను మాత్ర లభించుచున్నవి. సూది మూడునెలల కొకటి. పాలిచ్చు తల్లి ఆరువారముల తరువాత తీసికొనవచ్చును. మానిన పిదప గర్భము నిలుచుటకు కొన్ని నెలలు పట్టవచ్చునని ముందే చెప్పవలెను. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనాలయమున రూపొందిన ఛాయలో హార్మోనులు లేవు. మొదటి మూడునెలలు వారమునకు రెండు, ఆపైన వారమునకొకటి. పాలిచ్చు తల్లులును వాడవచ్చును. ఇవన్నియు వైద్యుల సలహాతో ఎన్నుకొనవలసినవి.

నేడు కాన్పులు ఆసుపత్రులలో జరుగుచున్నవి. వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలో 2022లో వైద్యకళాశాలలు వెలసినవి. అయినను ఒక చిక్కున్నది. పద్దెనిమిది నిండని పిల్ల గర్భవతియైనచో చట్టప్రకారము పోలీసులకు తెలుపవలసి ఉన్నది. బాలికను కాపాడుటకే ఆ చట్టము. కాని ఆ భయముతో కుటుంబము ఆసుపత్రి గడప తొక్కదేని నష్టపోవునది ఆ బాలికయే. వలసల సీమ యగుటచే, కూలికై దూరదేశము పోయిన దంపతులకు సూది గడువు గుర్తుచేయువారును ఉండరు.

ఇన్నేండ్ల చరిత్రలో ఈ పిల్లను గూర్చి ఆచారము నిర్ణయించినది, చట్టము నిర్ణయించినది, అత్తగారు నిర్ణయించిరి. పురిటిమంచముకడ ఆమెనే పిలిచి, “అమ్మా, నీకేది కావలెను?” అని అడిగినవారు అరుదు. ఆసుపత్రిలోని ఆ 48 గంటలలో ఆ ప్రశ్న నెమ్మదిగా అడిగి, ఆమె చెప్పు సమాధానమును ఓపికతో వినగలిగిననాడు, ఈ చరిత్రలో క్రొత్త అధ్యాయము మొదలైనదని మేము తలంతుము.