బిలియర్డ్స్ వీరుడు విల్సన్ జోన్స్

ఏ ఆటలోనైనా ఒంటరిగా పోటీచేసి ప్రపంచ విజేత అనిపించుకొన్న మొదటి భారతీయుడెవరు? ఈ ప్రశ్న వేస్తే చాలమంది హాకీ వీరులను, క్రికెట్ వీరులను తలచుకొని, అవి జట్టుగా ఆడే ఆటలు గదా అని ఆగిపోతారు. ఆ గౌరవం పొందినవారు విల్సన్ జోన్స్. ఆయన ఆడిన ఆట బిలియర్డ్స్. 2003 అక్టోబరు 5వ తేదీన ముంబయిలో, ఎనభైయొక్క సంవత్సరాల వయసులో ఆయన కన్నుమూసినారు. ఆ తరువాత ఇరువది ఏండ్లు దాటినవి. ఆయన పేరు మన ఇండ్లలో వినబడవలసినంతగా వినబడడం లేదు. ఇందుకు కారణం ఆ ఆట నడిచిన చోటులోనే ఉన్నది.

ములుగులోగాని, పరకాలలోగాని క్యారమ్ బల్ల ఎరుగని పిల్లలు ఉండరు. బిలియర్డ్స్ బల్లను కంటితో చూసినవారు మాత్రం అరుదు. కనుక తెలిసిన ఆట ద్వారానే తెలియని ఆటను పరిచయం చేసుకొందాము. క్యారమ్ బల్లకు నాలుగు మూలలా నాలుగు రంధ్రాలు ఉంటాయి. బిలియర్డ్స్ బల్లకు ఆ నాలుగూగాక, పొడుగు ప్రక్కల నడుమ మరి రెండు, వెరసి ఆరు సంచులు ఉంటాయి. బల్ల పొడవు పన్నెండు అడుగులు, వెడల్పు ఆరు అడుగులు. పైన పరచిన ఆకుపచ్చని ఉన్నిగుడ్డ క్రింద ఉండేది కొయ్య కాదు, పలకరాయి. రామప్ప గుడిలో అద్దంవలె మెరిసే నల్లరాతి స్తంభాలను ఎరిగిన ప్రాంతమువారికి, రాతిని నునుపు చేయడం ఎంత ఓర్పుతో కూడిన పనియో వేరే చెప్పనక్కరలేదు. ఆ రాయి వెంట్రుకవాసి వాలినా బంతి దారి తప్పుతుంది.

ఈ బల్లమీద ఉండేవి మూడే బంతులు. ఆటగాండ్రిద్దరికీ చెరి ఒకటి, ఉమ్మడిగా ఒక ఎర్రబంతి. ఆటగాడు సన్నని కర్రతో తన బంతిని కొట్టి మిగిలిన రెండింటినీ తాకించవచ్చును. వాటిలో ఒకదానిని సంచిలో వేయవచ్చును. లేదా తన బంతే మరొకదానిని తాకి సంచిలో పడేటట్లు చేయవచ్చును. దెబ్బను బట్టి రెండో మూడో పాయింట్లు లభిస్తాయి. గురి తప్పనంతవరకు అతడే ఆడుతూ ఉంటాడు. ఒక్క విడతలో వందలకొలది పాయింట్లు చేసే నేర్పరులు ఉన్నారు. అంతసేపూ ఎదుటివాడు కుర్చీలో కూర్చుండి చూడవలసినదే. తన వంతు వచ్చినప్పుడు, చల్లబడిన చేతితో, చెదరని మనస్సుతో లేచి రావలెను. ఈ ఆటలో కంటి చూపుకు ఎంత పరీక్షయో, మనోనిగ్రహానికి అంతకంటె ఎక్కువ పరీక్ష.

ఈ ఆట మన దేశానికి ఆంగ్లేయులతో వచ్చినది. సైనికాధికారుల భోజనశాలలలో, దొరల క్లబ్బులలో, రాజుల భవనాలలో బల్లలు వెలసినవి. వానకాలపు తీరికలో 1875లో జబల్‌పూరులో నెవిల్ చేంబర్లేన్ అనే యువ సైనికాధికారి పాత ఆటకు రంగు బంతులు చేర్చగా స్నూకరు పుట్టినది. దాని నియమాలు తరువాత ఉదకమండలం క్లబ్బులో స్థిరపడినవి. ఆనాడు ఉదకమండలం, మన కోస్తా, రాయలసీమ జిల్లాలు, అన్నీ ఒకే మద్రాసు రాజధానిలోనివి. నిజాము రాజ్యంలో 1878లో వెలసిన సికింద్రాబాదు క్లబ్బు కూడ ఆ కాలపు సంస్థయే. స్నూకరు మన గడ్డమీద పుట్టినప్పటికీ, క్లబ్బు గడప దాటి లోనికి పోగలిగిన భారతీయులు కొద్దిమంది. బంతులు అమర్చి, పాయింట్లు లెక్కపెట్టే మార్కరు పనివారు మాత్రం మనవారే.

ఇటువంటి ఆటలో విల్సన్ జోన్స్ పేరు తెచ్చుకొన్నారు. 1922 మే 2వ తేదీన పుణెలో, ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబంలో ఆయన జన్మించినారు. రాజ్యమూ లేదు, జమీందారీ లేదు. 1948లో స్నూకరులో జాతీయ విజేత అయినారు. 1960 నాటికి ఆ పట్టం ఐదుసార్లు ఆయనకు దక్కినది. బిలియర్డ్స్ జాతీయ పట్టం 1950లో మొదటిసారి గెలుచుకొన్నారు. 1966 వరకు పండ్రెండు పర్యాయాలు అది ఆయనదే. ఆయన ఆడినది ఔత్సాహికుల పోటీలలో. అనగా ఆటలో ఎంత గెలిచినా, పొట్ట గడవడానికి వేరే పని చూచుకొనవలసినదే.

ప్రపంచ పోటీలు చూడగా, 1951లో లండనులో ఆస్ట్రేలియా వీరుడు బాబ్ మార్షల్, 1952లో కలకత్తాలో ఇంగ్లండుకు చెందిన లెస్లీ డ్రిఫీల్డ్, 1954లో సిడ్నీలో ఆస్ట్రేలియావాసి టామ్ క్లియరీ గెలిచినారు. 1958లో పోటీలు మరల కలకత్తాకు వచ్చినవి. ఈ పోటీలలో ప్రతి ఆటగాడూ మిగిలిన అందరితోను ఆడవలెను. గట్టి ప్రత్యర్థిని తప్పించుకొనే అదృష్టానికి తావులేదు. అందరితో తలపడి, ముప్పదియారవ ఏట విల్సన్ జోన్స్ ప్రపంచ విజేత అయినారు. అదే సంవత్సరం కార్డిఫ్‌లో మిల్ఖాసింగు పరుగుపందెంలో బంగారు పతకం గెలిచినాడు. స్వాతంత్ర్యం వచ్చి పదకొండేండ్లు. ఏ క్లబ్బుల గడపల వద్ద మనవారు నిలిచిపోయినారో, ఆ క్లబ్బుల ఆటలోనే భారతీయుడు ఆంగ్లేయులను, ఆస్ట్రేలియనులను మించినాడు.

స్వదేశంలో, స్వజనుల నడుమ గెలిచిన గెలుపు గదా అని తేలికగా చూసేవారికి 1964 సంవత్సరం సమాధానం చెప్పినది. న్యూజీలండులోని పుకెకోహే పట్టణంలో, నలుబదిరెండవ ఏట, ఆయన రెండవసారి ప్రపంచ పట్టం సాధించినారు. నడుమ ఆరేండ్లు గడిచినవి. 1960లోను, 1962లోను పట్టం పరుల పాలయినది. జారిపోయినదానిని ఆ వయసులో మరల చేజిక్కించుకొనడం మొదటి గెలుపుకంటె కష్టమైనది. 1963లో అర్జున పురస్కారం, 1965లో పద్మశ్రీ ఆయనను వరించినవి.

పోటీలనుండి విరమించిన పిదప ఆయన చేసిన పని వలననే ఆయన పేరు పతకాలకంటె ఎక్కువ కాలం నిలువవలసి ఉన్నది. తన విద్యను తనతో దాచుకొనలేదు. ఓం అగర్వాల్, సుభాష్ అగర్వాల్, అశోక్ శాండిల్య వంటివారు ఆయన శిక్షణలో రాణించినారు. ఓం అగర్వాల్ 1984లో డబ్లినులో స్నూకరు ప్రపంచ ఔత్సాహిక విజేత అయినాడు. శాండిల్య 1998 ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించినాడు. ఆయన తెరచిన బాటలో మైకేల్ ఫెరీరా 1977, 1981, 1983 సంవత్సరాలలో మూడుమారులు బిలియర్డ్స్ ప్రపంచ పట్టం తెచ్చినాడు. వారి వెనుక గీత్ సేఠీ, పంకజ్ ఆద్వానీ వచ్చినారు. 1996లో జోన్స్‌కు శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం లభించినది. మన హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం ఫుట్‌బాల్ జట్టును తీర్చి, 1951లోను 1962లోను ఆసియా స్వర్ణం తెప్పించినారు. ఆయనను ఎరిగిన మనకు గురువు విలువ తెలియనిది కాదు. అయితే రహీం ఆటను వేలమంది మైదానంలో చూసినారు. జోన్స్ ఆటను మూసిన గదులలో కొద్దిమంది చూసినారు. అందుచేతనే జోన్స్ పేరు త్వరగా మరుగున పడినది.

చూడని ఆటను మెచ్చుకొనుట కష్టమే. కాని ఆటగాని నడత చూడకున్నా గ్రహించగలము. కలిమి లేక, పరుల ఆటను తన సాధనతో తనదిగా చేసుకొని, గెలిచిన విద్యను తరువాతి తరానికి పంచిపోయిన మనిషి ఆయన. సెలవులలో పిల్లలు అరుగుమీద క్యారమ్ బల్ల చుట్టూ చేరినప్పుడు, అంచుకు తగిలి తిరిగివచ్చే దెబ్బను ఒకడు నేర్పుగా కొట్టినప్పుడు, పెద్దలు ఒక మాట చెప్పవచ్చును: ఇటువంటి నేర్పుతోనే, ఇంతకంటె పెద్ద బల్లమీద, మన దేశస్థుడు విల్సన్ జోన్స్ రెండుమారులు ప్రపంచాన్ని గెలిచినాడని. ఆ ఒక్క మాటతో ఆయన పేరు క్లబ్బు గదుల వెలుపల, మన వాకిళ్ళలో వినబడుతుంది.