వాళ్లు చూసే కొండలు, మనం బతికే కొండలు

చలికాలం వచ్చిందంటే శనివారం తెల్లవారకముందే శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు మీద కార్లు బారులు తీరుతాయి. విశాఖపట్నం నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. పొద్దున బయల్దేరినవాళ్లు తైడలో ఆగి, అనంతగిరి కాఫీ తోటల్లో ఫొటోలు దిగి, బొర్రా గుహలు చూసి, దారిలో బొంగు చికెన్ తిని, సాయంత్రానికి అరకు చేరతారు. ఇంకొందరు నర్సీపట్నం మీదుగా లంబసింగి మంచులోకి వెళ్తారు. పాడేరు దగ్గరి వంజంగి కొండ ఎక్కి మేఘాలను చూసేవాళ్లూ ఈమధ్య పెరిగారు. రెండు రోజులు గడిపి, ఆదివారం రాత్రికి తిరిగి నగరానికి దిగిపోతారు.

వాళ్లు రావడం తప్పు కాదు. రద్దీలో, పొగలో బతికే మనిషికి కొండగాలి కావాలి. కానీ వాళ్ల చేతిలోని పర్యాటక పుస్తకం చదివితే ఒక విషయం అర్థమవుతుంది. అందులో లోయ ఉంటుంది, జలపాతం ఉంటుంది, గుహ ఉంటుంది. మనం మాత్రం చివరి పేజీలో థింసా ఆడే బొమ్మగా ఉంటాం. ఈ కొండలకు చరిత్ర లేనట్టు, ఉన్నదంతా ప్రకృతే అన్నట్టు రాస్తారు. ఆ కార్లు ఎక్కివచ్చే దారికీ, ఆ రైలు దూరే సొరంగానికీ, ఆ గుహ ఇంకా మిగిలి ఉండటానికీ ఒక్కో చరిత్ర ఉంది. వాటిలో మన పెద్దల చెమట ఉంది, కొన్నిచోట్ల నెత్తురూ ఉంది. మన పిల్లలకైనా అది తెలియాలి.

గుహను కనుగొన్నది ఎవరు?

ముందు బొర్రా సంగతి చూద్దాం. భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ జార్జ్ అనే ఆంగ్లేయుడు 1807లో ఈ గుహలను కనుగొన్నాడని పర్యాటక పుస్తకాలు రాస్తాయి. పోటీ పరీక్షల పుస్తకాల్లోనూ ఇదే వాక్యం కనిపిస్తుంది. ఉపాధ్యాయులు దీన్ని పిల్లల ముందు పెట్టి ఒక ప్రశ్న అడగవచ్చు. భూగర్భ సర్వే సంస్థ పుట్టింది 1851లో. 1807లో లేని సంస్థ ఉద్యోగి అప్పుడు గుహను ఎలా కనుగొన్నాడు? ఆ సంస్థలో విలియం కింగ్ అనే శాస్త్రవేత్త పనిచేసిన మాట నిజమే. అయితే అది 19వ శతాబ్దం రెండో సగంలో. ఎవరో ఒకసారి తప్పు రాశారు, మిగతావాళ్లు చూసి రాసుకుంటూ పోయారు.

తేదీ తప్పు కావడం చిన్న విషయం. 'కనుగొన్నాడు' అనే మాటే అసలు చిక్కు. బొర్రా చుట్టుపక్కల ఊళ్లలో పెద్దలు చెప్పే కథ వేరు. మేతకు వెళ్లిన ఆవు గుహ పైకప్పులోని కన్నంలోంచి లోపలికి పడిపోయింది. దాన్ని వెతుక్కుంటూ దిగిన కాపరికి లోపల లింగంలాంటి రాయి కనిపించింది. ఆవును ఆ దేవుడే కాపాడాడని అప్పటి నుంచి అక్కడ పూజ మొదలైంది. ఆ గుహలోంచి సాగే ఏరు గోస్తని. ఆ పేరులోనూ ఆవు ఉంది. బొర్ర అంటే మన వైపు ఒడియాలో కన్నం అనే చెబుతారు. కథను అక్షరాలా నమ్మాలని నేను అనను. కానీ ఒక చోటుకు పేరు ఉందంటే, పూజ ఉందంటే, దారి ఉందంటే అక్కడికి మనుషులు ముందే వెళ్లారని అర్థం. దొర వచ్చి చేసింది కనుగొనడం కాదు, కాగితం మీద రాసుకోవడం. కాగితం లేనివాడి జ్ఞానం లెక్కలోకి రాకపోవడం అక్కడే మొదలైంది.

లంబసింగి దారి

ఇప్పుడు పడమటి వైపు, నర్సీపట్నం నుంచి చింతపల్లికి పోయే దారి చూద్దాం. ఈరోజు మంచు చూడటానికి జనం ఎగబడే లంబసింగి ఆ దారిలోనే ఉంది. వంద ఏళ్ల కిందట ఈ ఘాట్ రోడ్డు పనులకు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం జనాన్ని తోలాడు. చాలీచాలని కూలి, ఎదురు చెబితే దెబ్బలు. అప్పటికే 1882 అటవీ చట్టం వచ్చి పోడుకు, కట్టెకు, మేతకు ఆంక్షలు పెట్టి ఉంది. అడవి పోయింది, దాని మీద వెట్టి వచ్చి పడింది. 1922లో లేచిన మన్యం తిరుగుబాటు వెనుక ఈ రోడ్డు పని కూడా ఒక కారణం.

అల్లూరి సీతారామరాజు పేరు అందరికీ తెలుసు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. వరుసగా మూడు రోజుల్లో మూడు స్టేషన్ల తుపాకులు తిరుగుబాటుదారుల చేతికి వచ్చాయి. అదే ఏడాది సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవార్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్లేయ అధికారులు చనిపోయారు. రాజు పక్కన నిలబడ్డ మనవాళ్ల పేర్లు ఎందరికి తెలుసు? బట్టిపనుకుల మునసబు పదవి పోగొట్టుకున్న గాం గంటందొర 1924లో పోరాటంలోనే ప్రాణం విడిచాడు. ఆయన తమ్ముడు గాం మల్లుదొర అండమాన్ జైలుకు వెళ్లి, బతికి తిరిగి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. లంబసింగిలో మంచు చూసే కుర్రాడికి టీ అమ్మే మన పిల్లవాడు ఈ రెండు పేర్లూ చెప్పగలిగితే, ఆ కుర్రాడు ఇంటికి తీసుకుపోయేది ఫొటో ఒక్కటే కాదు.

ఇనుప ఖనిజం కోసం వచ్చిన రైలు

అరకు రైలు ప్రయాణం గురించి చెప్పనివాళ్లు ఉండరు. 2017లో అద్దాల పెట్టె తగిలించాక టికెట్లకు గిరాకీ మరీ పెరిగింది. కానీ ఈ రైలు మార్గాన్ని అందాలు చూపించడానికి వేయలేదు. బస్తర్‌లోని బైలాడిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడానికి వేశారు. 1960లో జపాన్‌తో ఒప్పందం కుదిరింది. ఆ దశాబ్దంలోనే కొత్తవలస నుంచి కిరండూల్ దాకా కొండలు తొలిచి, లోయల మీద వంతెనలు కట్టి పట్టాలు పరిచారు. మధ్యలోని శిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో అదే దేశంలోకెల్లా ఎత్తైనదని చాలాకాలం చెప్పుకున్నారు.

ఆ పట్టాల మీద మొదట పోయింది రాయి. ఆ తర్వాతే మనిషి. ఈనాటికీ ప్రయాణికుల బండి ఆగిపోయి ఖనిజం బండికి దారి ఇస్తుంటే, ఈ మార్గం ఎవరి కోసం పుట్టిందో అర్థమవుతుంది. అప్పుడు ఇరవై ఏళ్ల వయసులో ఆ పనులకు వెళ్లినవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటి ఉంటాయి. వాళ్లు ఏం మోశారు, ఎంత కూలి తీసుకున్నారు, ఎవరు తిరిగి రాలేదు అన్నది ఏ పర్యాటక పుస్తకంలోనూ దొరకదు. ఇప్పుడు అడగకపోతే ఇక ఎప్పటికీ దొరకదు.

నేలను నిలబెట్టిన తీర్పు

ఇప్పుడు మళ్లీ బొర్రా దగ్గరికి వద్దాం. గుహల చుట్టూ ఉన్న అనంతగిరి మండలం కొండల్లో కాల్సైట్, మైకా లాంటి ఖనిజాలు ఉన్నాయి. ప్రభుత్వం ఆ భూములను గిరిజనేతర కంపెనీలకు లీజుకు ఇచ్చింది. ఊళ్లవాళ్లు అడ్డుకున్నారు. 'సమత' అనే సంస్థ వారి తరఫున 1993లో హైకోర్టుకు వెళ్లింది. అక్కడ ఓడిపోయి సుప్రీంకోర్టు తలుపు తట్టింది.

ఆ వాదనకు ఆధారం 1/70 చట్టం. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదన్న నియమం 1917 నుంచే ఏదో ఒక రూపంలో ఉంది. 1959 నిబంధనను 1970లో సవరించి గట్టి చేశారు. అందుకే 1/70 అంటాం. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత అతనిదే.

1997 జూలై 11న తీర్పు వచ్చింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు ఒక మాట మీద నిలిచారు. చట్టంలోని 'వ్యక్తి' అన్న మాటలో ప్రభుత్వం కూడా వస్తుందన్నారు. అంటే షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకు ఇవ్వడానికి లేదు. తవ్వాలంటే ప్రభుత్వ ఖనిజ సంస్థో, గిరిజన సహకార సంఘాలో తవ్వాలి. అందులోనూ నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి పక్కన పెట్టాలి. దేశమంతటా ఆదివాసీలు తమ కేసుల్లో చూపించే ఈ తీర్పు బొర్రా పంచాయతీ ఊళ్ల నుంచి పుట్టింది. గుహ చూడటానికి వచ్చే మనిషికి ఆ రాళ్ల వయసు చెబుతారు కానీ, ఈ మాట ఎవరూ చెప్పరు.

ఇప్పుడు గనుల స్థానంలో రిసార్టులు వచ్చాయి. చట్టం ప్రకారం బయటివాడు భూమి కొనలేడు. అందుకని ఊళ్లో ఒకరి పేరు మీద కాగితాలు, వెనుక ఇంకొకరి డబ్బు అన్న బేనామీ వ్యవహారాలు మన ఊళ్లలో వినపడుతూనే ఉన్నాయి. పేరు ఇచ్చినవాడు చివరికి అదే రిసార్టులో కాపలాదారు అవుతాడు. పర్యాటకం కోసం 1/70ని సడలించాలన్న మాట బయటికి రాగానే 2025 ఫిబ్రవరిలో మన్యం బంద్ పాటించింది. చట్టం మార్చబోమని ముఖ్యమంత్రి ప్రకటించాల్సి వచ్చింది. ఇది పాత చరిత్ర కాదు, మన కళ్ల ముందు నడుస్తున్నదే.

మనం చేయగలిగింది

పర్యాటకం వద్దనడం నా ఉద్దేశం కాదు. మన కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు విని వచ్చేవాళ్లు మన సంతలో కొంటే మనకే మంచిది. గుడారం వేసేది, వంట చేసేది, దారి చూపేది మనమే అయితే ఆ డబ్బు ఊళ్లోనే ఉంటుంది. పెసా చట్టం గ్రామసభకు మాట ఇచ్చింది. ఊరి కొండ మీద ఏం కట్టాలో, ఎంతమంది రావాలో, చెత్త ఎవరు ఎత్తాలో అక్కడ మాట్లాడుకోవాలి. థింసా కూడా అంతే. మోరి, కిరిడి, తుడుము మోగితే ఊరంతా చేతులు కలిపి ఆడే ఆటను హోటల్ ముందు పది నిమిషాల కార్యక్రమం చేయాలా వద్దా అన్నది ఆడేవాళ్లే తేల్చుకోవాలి.

ఉపాధ్యాయులకు నా మనవి ఒకటే. ఈ ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక్కో ఊరి చరిత్ర రాయించండి. కొండలకు, గెడ్డలకు మన భాషలో ఉన్న పేర్లు, ఊరికి రోడ్డు ఎప్పుడు వచ్చింది, ఎవరు వేశారు, రైలు పనికి ఎవరు వెళ్లారు, భూమి ఎప్పుడు ఎవరి చేతికి పోయింది, ఏది తిరిగి వచ్చింది. కాపీ ఒకటి బడిలో, ఒకటి పంచాయతీలో ఉంచండి. యువతకు కూడా చెబుతున్నాను. వచ్చినవాళ్లకు గుహ చూపించేటప్పుడు ఆవు కథ చెప్పండి, తీర్పు కథా చెప్పండి. లంబసింగి మలుపుల్లో గంటందొర పేరు చెప్పండి.

1807 అని ఎవరో రాసిన ఒక్క వాక్యం ఇన్నేళ్లు నిలిచింది. మన పెద్దల మాట కాగితం ఎక్కితే అంతకన్నా ఎక్కువ కాలమే నిలుస్తుంది.