ఉబ్బసము ఒక్కటేనా?

తెల్లవారుజామున ఊపిరి అందక లేచి, గోడకు చేరగిలబడి, ఎప్పుడు తెల్లవారునా అని ఎదురుచూచే ఉబ్బసరోగిని ఎరుగనివారు మనలో అరుదు. ఆ ఆయాసము, ఆ పిల్లికూతలు అందరిలోను ఒక్క తీరుగనే ఉండును. మరి వ్యాధి కూడ ఒక్కటేనా?

ఈ ప్రశ్న చాల పాతది. చరకసంహిత శ్వాసరోగములను ఐదు విధములుగా చెప్పి, ఉబ్బసమును పోలినదానిని తమకశ్వాసమన్నది. జ్వరముతో కూడినప్పుడు దానినే ప్రతమకమని వేరుచేసినది. 1918లో అమెరికా వైద్యుడు రాకిమన్, బయటి పదార్థములు పడక వచ్చే ఉబ్బసము వేరు, లోపలి కారణములవలన వచ్చేది వేరు అన్నాడు. అయినను చికిత్స మాత్రము చాలకాలము అందరికి ఒక్కటిగనే సాగినది.

అందువలన కలిగిన నష్టమును చూపే ఉదంతము ఒకటి ఇంగ్లండులో జరిగినది. కార్టిజోను కొత్తగా వచ్చిన రోజులవి. దీర్ఘకాలపు ఉబ్బసములో దానివలన నిలుకడయైన మేలు అంతగా లేదని 1956లో అక్కడి మెడికల్ రిసెర్చి కౌన్సిలు పరీక్ష తేల్చినది. డెర్బీ పట్టణములోని వైద్యుడు హారీ మారో బ్రౌన్ అంతటితో ఊరుకొనలేదు. రోగుల కళ్ళెను సూక్ష్మదర్శినితో పరీక్షించినాడు. ఇయోసిన్ అనే ఎర్రరంగును పట్టుకొనే తెల్లకణములు కొన్ని ఉన్నవి. 1879లో వీనిని గుర్తించినవాడు జర్మను శాస్త్రజ్ఞుడు ఎర్లిష్. వీనికి ఇయోసినోఫిల్‌లని పేరు. ఇవి కళ్ళెలో కనబడిన వారికి, కార్టిజోను జాతిదే అయిన ప్రెడ్నిసొలోన్ చక్కగా పనిచేసినది, కనబడనివారికి పనిచేయలేదు. ఈ సంగతిని బ్రౌన్ 1958లో ప్రకటించినాడు. ఇద్దరినీ ఒక్క లెక్కలో కలిపినప్పుడు, ఒకరికి కలిగిన మేలు రెండవవారి వైఫల్యములో మరుగుపడిపోవును.

2002లో అదే దేశములో లెస్టరు వైద్యులు 74 మంది రోగులను రెండు జట్లుగా విభజించి చూచినారు. ఒక జట్టుకు వాడుకలోని పద్ధతినిబట్టి, రెండవ జట్టుకు కళ్ళెలోని కణముల లెక్కనుబట్టి మందు ఇచ్చినారు. ఏడాదిలో మొదటి జట్టులో వ్యాధి తీవ్రముగా తిరగబెట్టినది 109 సార్లు. రెండవదానిలో 35 సార్లే.

అయినను పాత పొరపాటు మరల జరుగక మానలేదు. ఇయోసినోఫిల్‌లను తగ్గించే మెపోలిజుమాబ్ అనే మందును ఈ కణముల లెక్కతో పని లేకుండ రోగులకు ఇచ్చి చూడగా, చెప్పుకోదగిన ఫలితము లేదని 2007లో తేలినది. ఆ కణములు హెచ్చుగా ఉన్నవారినే ఎన్నుకొని ఇచ్చి చూడగా, వ్యాధి తిరగబెట్టుట బాగుగా తగ్గినదని 2009లో రుజువైనది. 2015లో అది అమెరికాలో అనుమతి పొందినది.

ఇది పండితులకు మాత్రమే పట్టిన విషయము కాదు. పనిచేయని స్టెరాయిడు మాత్రలను ఏండ్ల తరబడి మ్రింగినవారికి ఆయాసము తీరదు. పైగా ఎముకలు బలహీనపడును, రక్తములో చక్కెర పెరుగును. కళ్ళెపరీక్ష అన్నిచోట్ల జరుగకపోయినను, రక్తములో ఈ కణములను లెక్కించుట సామాన్యమైన పరీక్షయే. వాడుతున్న మందును మనంతట మనము మానరాదు. కాని ఎంత వాడినను ఉబ్బసము లొంగనప్పుడు, “మాది ఏ రకపు ఉబ్బసము?” అని వైద్యుని అడుగుట మన హక్కు.