సెన్సర్ నోడ్‌ల విద్యుత్ వినియోగ సిమ్యులేషన్

బ్యాటరీతో నడిచే వైర్‌లెస్ సెన్సర్ నోడ్ ఎంత కరెంటు లాగుతుందో, బోర్డు చేతికి రాకముందే కంప్యూటర్‌లో లెక్కగట్టే పద్ధతి. ప్రధానంగా టైనీఓఎస్, కాంటికీ ఆపరేటింగ్ సిస్టమ్‌లను ఆధారం చేసుకుని పెరిగింది.

చరిత్ర: టైనీఓఎస్ పుట్టింది బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో. ఆరంభం 1999 అని కొందరు, 2000 అని కొందరు అంటారు. దాని నిర్మాణాన్ని వివరించిన పరిశోధన పత్రం వెలువడింది 2000లో కనుక ఆ ఏడాదిని తీసుకోవడమే మేలు. టైనీఓఎస్ సిమ్యులేటర్ టాసిమ్‌ను ఫిలిప్ లెవిస్ బృందం 2003లో ప్రకటించింది. టాసిమ్‌లో ఒక ఈవెంట్ నడిచినంతసేపూ సిమ్యులేటర్ గడియారం కదలదు. అందువల్ల ప్రాసెసర్ ఖర్చు తేలదు. హార్వర్డ్ పరిశోధకులు 2004లో పవర్‌టాసిమ్‌తో ఈ లోటును చాలావరకు పూడ్చారు. 2005లో వచ్చిన అవ్రోరా సిమ్యులేటర్ ఏవీఆర్ ప్రాసెసర్ల మెషిన్ కోడ్‌నే ఒక్కొక్క ఆదేశం చొప్పున నడిపించింది. స్వీడన్‌లో తయారైన కూజా (2006) కాంటికీకి చెందిన సిమ్యులేటర్.

పనితీరు: ప్రాసెసర్, రేడియో, ఎల్‌ఈడీ, ఫ్లాష్ మెమరీ ఏ స్థితిలో ఎంతసేపు ఉన్నాయో సిమ్యులేటర్ నమోదు చేస్తుంది. ఆ సమయాన్ని ఆ స్థితిలో లాగే కరెంటుతో గుణిస్తుంది. పవర్‌టాసిమ్ వాడిన కరెంటు విలువలు మైకా2 నోడ్ మీద కొలిచినవి.

ఉదాహరణ: సీసీ2420 రేడియో వినేటప్పుడు సుమారు 18.8 మిల్లీఆంపియర్లు, పూర్తి శక్తితో పంపేటప్పుడు 17.4 మిల్లీఆంపియర్లు లాగుతుంది. అంటే పంపడంకన్నా వినడమే ఖరీదు. బ్యాటరీ సామర్థ్యం 2500 మిల్లీఆంపియర్-అవర్ అనుకుంటే, ఆపకుండా వినే రేడియో అయిదున్నర రోజుల్లో దాన్ని ఖాళీ చేస్తుంది. అదే రేడియో నూటికి ఒక వంతు కాలమే మేలుకుంటే, మిగతా ఖర్చులను పక్కనపెట్టి, ఏడాదిన్నర వస్తుంది. ఇంత తేడా తెచ్చేది రేడియో ఎంతసేపు మేలుకోవాలన్న సాఫ్ట్‌వేర్ నిర్ణయమే.

పరిమితులు: వందలాది నోడ్‌ల నెట్‌వర్క్‌కు టాసిమ్ తరహా వేగం అనుకూలం. నిద్ర, మెలకువల సమయాలు మైక్రోసెకన్లలో తేలాల్సిన చోట మాత్రం అవ్రోరా తరహా లెక్కే ఎక్కువ నమ్మదగినది. బ్యాటరీపై ఉష్ణోగ్రత ప్రభావం, పరిసరాల్లోని రేడియో అంతరాయం ఈ నమూనాల్లో సాధారణంగా పూర్తిగా ప్రతిఫలించవు. హార్డ్‌వేర్ రూపకల్పనలో సిస్టమ్‌సీ వంటి మోడలింగ్ భాషలు వాడుకలో ఉన్నా, అక్కడి ఫలితాలను వీటితో నేరుగా పోల్చడం కష్టం.

రెండు డిజైన్‌లలో ఏది పొదుపో తేల్చడానికి సిమ్యులేషన్ చాలు. నోడ్ ఆయుష్షు ఇంత అని ప్రకటించాలంటే తయారైన బోర్డు మీద కరెంటు కొలవాల్సిందే.