కరోనా వేసుకున్న దొంగ ఐడీ కార్డ్

మా శ్రీ సిటీలో ఏ కంపెనీకి పోయినా గేటు దగ్గర మెడలో ఐడీ కార్డ్ చూస్తారు కదా, మన కణంలోనూ అంతే. కణం తన ఆర్‌ఎన్‌ఏ తల దగ్గర మిథైల్ గుర్తు వేసుకుంటుంది. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, అంతే. ఆ గుర్తు లేని ఆర్‌ఎన్‌ఏ దొరికితే ఎండీఏ5 అనే కాపలాదారు ఇంటర్‌ఫెరాన్ అలారం మోగిస్తాడు.

కరోనా ఏం చేస్తుందంటే, ఎన్‌ఎస్‌పీ16 అనే తన ఎంజైమ్‌తో అదే గుర్తు వేసుకుని లోపల తిరుగుతుంది. 2011లో పరిశోధకులు ఈ ఎంజైమ్ పనిచేయని కరోనా వైరస్‌లను తయారుచేసి చూశారు. అలారం గట్టిగా మోగింది! కోవిడ్‌కు ఎనిమిదేళ్ల ముందు మాట ఇది.

మరి ఆ మిథైల్ వైరస్‌కి ఎక్కడిది? మన దగ్గర దొంగిలించిందే. మన కణంలో శామ్ అనే అణువు దాన్ని ఇస్తుంది. శామ్ తయారు కావాలంటే మిథియోనిన్, ఏటీపీ కావాలి. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఏటీపీని కనిపెట్టింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనిపెట్టారు, అది వేరే ఎపిసోడ్. మిథైల్ ఇచ్చేశాక మళ్లీ మిథియోనిన్ తయారవడానికి ఫోలేట్ సాయపడుతుంది. 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసిన లెడర్లీ జట్టుకు పెద్ద కూడా ఆయనే. అలాగని కరోనాకి ఫోలిక్ యాసిడ్ మాత్రలు మింగకండి, అది దానికి మందు కాదు.

సుబ్బారావు 1948లో పోయారు. ఆర్‌ఎన్‌ఏ తల మీద మిథైల్ టోపీ ఉందని శాస్త్రవేత్తలకు తెలిసింది 1970ల నడుమ.