పెద్ద శబ్దం – పసివాడి భయం: రెండు ప్రయోగాల చరిత్ర



పొత్తిళ్లలోని బిడ్డకు దొంగ అంటే తెలియదు, దెయ్యం అంటే తెలియదు. కాని వంటింట్లో పళ్లెం జారి పడితే చాలు, ఉలిక్కిపడి, చేతులు చాచి, ఏడుపు అందుకుంటుంది. ఇది ఎవరూ నేర్పినది కాదు, పుట్టుకతో వచ్చిన ప్రతిచర్య. రెండు మూడేళ్లు వచ్చేసరికి కొందరు పిల్లలు మిక్సీని చూసినా, టపాకాయల పొట్లం చూసినా, అవి మోగకముందే పరుగెత్తి దాక్కుంటారు. శబ్దానికి ఉన్న భయం వస్తువు మీదికి ఎలా పాకింది? దాన్ని పోగొట్టడం ఎలా? ఈ ప్రశ్నలకు శాస్త్రం సమాధానం వెదికిన తీరును ఈ పాఠంలో పరిశీలిద్దాం.

బాల్టిమోర్‌లో ఆల్బర్ట్

రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ కుక్కలపై చేసిన ప్రయోగాలు మీకు తెలిసినవే. ఆహారంతో పాటు పదేపదే ఒక సంకేతం ఇస్తే, కొన్నాళ్లకు ఆ సంకేతానికే కుక్క నోట లాలాజలం ఊరుతుంది. దీనినే నిబంధనం అంటారు. భయం కూడా ఇలాగే ఏర్పడుతుందా? ఇది తేల్చడానికి అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జాన్ బి. వాట్సన్, రోజలీ రేనర్ కలిసి 1919-20 శీతాకాలంలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం చేశారు. అందుకు ఎంచుకున్న పసివాడిని వారు ఆల్బర్ట్ అని పేర్కొన్నారు. వాడి తల్లి అక్కడి పిల్లల ఆసుపత్రిలో పాలిచ్చే దాది.

దాదాపు 9 నెలల వయసులో తెల్ల ఎలుకను, కుందేలును, కుక్కను చూపితే ఆల్బర్ట్ బెదరలేదు. వెనుక నుంచి ఉక్కు కడ్డీని సుత్తితో కొట్టినప్పుడు మాత్రం మూడో దెబ్బకు భోరుమన్నాడు. 11 నెలలు దాటాక, ఎలుకను చూపుతూ ఆ కడ్డీ మోగించారు. వారం ఎడంతో రెండు రోజుల్లో మొత్తం ఏడుసార్లు ఇలా చేశారు. ఆ తరువాత శబ్దం లేకపోయినా ఎలుకను చూడగానే ఏడ్చి, పాకుతూ దూరంగా పోయాడు. కుందేలు, కుక్క, బొచ్చు కోటు కూడా వాడిని కలవరపెట్టాయి.

1920లో వెలువడిన పరిశోధన పత్రంలోనే మరొక విషయం కనిపిస్తుంది. బొటనవేలు నోట్లో పెట్టుకుంటే ఆల్బర్ట్ భయం అణిగిపోయేది. భయాన్ని చిత్రీకరించడానికి పరిశోధకులు పదేపదే ఆ వేలిని నోట్లోంచి తీయవలసి వచ్చింది. అంటే, తనను తాను ఊరడించుకునే ఉపాయం ఆ బిడ్డ దగ్గరే ఉంది! భయాన్ని పోగొట్టే ప్రయత్నం జరగకుండానే ఆల్బర్ట్ ఆసుపత్రి విడిచి వెళ్లాడు. వెళ్తాడని పరిశోధకులకు ముందే తెలుసు. వాడు అసలు ఎవరన్నది నేటికీ చరిత్రకారుల మధ్య వివాదమే. ఒక్క బిడ్డపై చేసిన ఈ ప్రయోగం ఫలితాలు పాఠ్యపుస్తకాలు చెప్పినంత గట్టివి కావని తరువాతి విమర్శకులు చూపారు.

పీటర్, కుందేలు

మిగిలిపోయిన పనిని చేపట్టినది రేనర్ స్నేహితురాలు మేరీ కవర్ జోన్స్. వాట్సన్ సలహాలతో ఆమె న్యూయార్క్‌లో పిల్లల భయాలను అధ్యయనం చేసి, 1924లో ఫలితాలు ప్రకటించారు. పీటర్ అని ఆమె పేర్కొన్న బాలుడికి అప్పుడు 2 సంవత్సరాల 10 నెలలు. వాడికి కుందేలన్నా, బొచ్చు కోటన్నా, దూది అన్నా భయం. భయపడని పిల్లలతో కలిపి ఆడిస్తే కొంత మెరుగయ్యాడు. మధ్యలో జబ్బుపడి, ఒక పెద్ద కుక్కను చూసి జడుసుకోవడంతో భయం తిరగబెట్టింది. అప్పుడు జోన్స్, పీటర్ ఇష్టమైన తినుబండారం తింటుండగా బోనులోని కుందేలును వాడి ఆటంకపడనంత దూరంలో ఉంచి, క్రమంగా దగ్గరకు జరిపించారు. చివరకు ఆ కుందేలు వేళ్లు కొరుకుతున్నా పీటర్ వెనుకాడలేదు.

జోన్స్ ఒక హెచ్చరిక కూడా చేశారు. తొందరపడి దగ్గరకు తెస్తే, కుందేలుపై ఇష్టం కలగడానికి బదులు తిండి మీదే భయం పుట్టవచ్చు. నచ్చచెప్పడం, ఎగతాళి చేయడం పెద్దగా ఫలించలేదని కూడా ఆమె గమనించారు. ఈ క్రమ పద్ధతినే జోసెఫ్ వోల్పే 1958లో తన గ్రంథంలో పెద్దల చికిత్సగా విస్తరించారు.

మన ఇంట్లో

మిక్సీకి బెదిరే పిల్లవాడిని దాని ముందు నిలబెట్టి "చూడు, ఏమీ కాదు" అనడం జోన్స్ పద్ధతి కాదు. మొదట మిక్సీని ఆపి ఉంచి తాకనివ్వాలి. ఆ తరువాత, పిల్లవాడు అమ్మ ఒడిలో ఇష్టమైనది తింటుండగా, తలుపు మూసిన గదిలో కాసేపు తిప్పాలి. వాడు కుదురుగా ఉన్నప్పుడే తలుపు కొంచెం తెరవాలి. బెదిరితే ఒక మెట్టు వెనక్కి రావాలి. వాడు చెవులు మూసుకున్నా, బొమ్మను హత్తుకున్నా చేతులు లాగివేయకూడదు. భయం వల్ల తిండి, నిద్ర చెడితే పిల్లల వైద్యునికి చూపించాలి.

అయితే ప్రతి శబ్దానికీ అలవాటు చేయాలని దీని అర్థం కాదు. పేలే చోటు నుంచి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ మించే టపాకాయలను మన దేశం 1999లోనే నిషేధించింది. అలాంటి చప్పుడుకు చెవులు మూసుకునే పిల్లవాడిది పిరికితనం కాదు. వాడిని దూరంగా తీసుకుపోవడమే మన పని.

పిల్లలపై జరిగే పరిశోధనలకు భారత వైద్య పరిశోధనా మండలి 2017లో ప్రత్యేక నైతిక మార్గదర్శకాలు వెలువరించింది. వాటిని దృష్టిలో ఉంచుకుని ఆలోచించండి: ఆల్బర్ట్‌పై ప్రయోగానికి అనుమతి కోరుతూ ఈనాడు దరఖాస్తు వస్తే, మీరు ఏమేమి ప్రశ్నలు అడుగుతారు?